గచ్చు మీద తడి

1889లో స్ట్రాస్‌బర్గ్ నగరం జర్మనీ ఏలుబడిలో ఉండేది. అక్కడి విశ్వవిద్యాలయ వైద్యశాలకు చెందిన ప్రయోగశాలలో ఒక మూలన ఒక కుక్కను కట్టేసి ఉంచారు. దాని పొట్ట కోసి క్లోమాన్ని మొత్తంగా తీసేశారు. తీసినవాడు అక్కడి వైద్యుడు ఆస్కర్ మింకోవ్‌స్కీ. ఆ పనికి పురికొల్పిన చర్చలో అవతలి పక్షం యోసెఫ్ ఫన్ మేరింగ్. కొవ్వు అరగాలంటే క్లోమరసం ఉండి తీరాలా అన్నదే వాళ్ళిద్దరి మధ్య వచ్చిన ప్రశ్న. మధుమేహం ఊసు అందులో లేనే లేదు.

కుక్క బతికింది, లేచి తిరిగింది. కానీ గది నేలంతా తడిపేస్తోంది. అది ఇంటి అలవాట్లు నేర్చిన కుక్క, బయటికి తీసుకెళ్ళేదాకా ఆపుకోవడం తెలిసిన కుక్క. మింకోవ్‌స్కీ పనివాణ్ణి పిలిచి, దీన్ని వేళకు బయట తిప్పడం లేదా అని అడిగాడు. తిప్పుతూనే ఉన్నాననీ, బయట పోసి లోపలికి వచ్చిన కాసేపటికే మళ్ళీ పోస్తోందనీ అతను జవాబిచ్చాడు. అప్పుడు మింకోవ్‌స్కీ నేల మీది మూత్రాన్ని పిపెట్‌తో పీల్చి చక్కెర పరీక్ష చేశాడు. నూటికి సుమారు 12 వంతులు చక్కెర! ఈగలు ముసరడం చూసి కనిపెట్టారని ఒక కథ చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. దాన్ని మింకోవ్‌స్కీయే తరవాత కాదన్నాడు. అతని దృష్టిని లాగింది ఈగలు కాదు, నేర్చిన కుక్క నేర్చినది తప్పడం.

మొదట అనుమానం వేరే వైపు పోయింది. ఆపిల్ చెట్టు వేరు బెరడులో దొరికే ఫ్లోరిజిన్ అనే పదార్థం ఇస్తే కుక్క మూత్రంలోకి చక్కెర దిగుతుందని మేరింగ్ 1886లోనే చూపించి ఉన్నాడు. ఈ కుక్కకూ అది అంది ఉంటే? అందుకని, ముందుగా మూత్రంలో చక్కెర లేదని తేల్చుకున్న మరికొన్ని కుక్కల మీద అదే శస్త్రచికిత్స చేశారు. అన్నిటికీ చక్కెర వచ్చింది. మధుమేహపు మూలం క్లోమంలో ఉందని అలా తేలింది. అక్కడి నుంచి 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్‌లు ఇన్సులిన్ తీసేదాకా నడిచిన దారి మనకు తెలిసిందే. అన్నట్టు, ఇవాళ మన ఊళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళు వేసుకునే డాపాగ్లిఫ్లోజిన్ మాత్ర ఆ ఫ్లోరిజిన్ సంతతిలోదే.

ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ పనివాడి జవాబు. అతను కుక్కను తిట్టలేదు, మొండిదనలేదు. ఎప్పుడు పోసింది, ఎక్కడ పోసింది, ఎంతసేపటికి మళ్ళీ పోసింది అన్నది చూసి చెప్పాడు. మన ఇళ్ళలో ఏళ్ళ తరబడి శుభ్రంగా ఉన్న కుక్క ఒక రోజు హాల్లో పాసు పోస్తే మనం మొదట అనేమాట ‘పొగరెక్కింది’ అని, లేకపోతే ‘కోపంతో చేసింది’ అని. కుక్కకు మన మీద కక్ష తీర్చుకునే ఆయుధంగా మూత్రం పనికొస్తుందని చెప్పే ఆధారం ఏదీ లేదు. శరీరంలోనో, మనసులోనో, ఇంట్లోనో ఏదో మారిందని చెప్పే ఆధారాలు బోలెడు.

నేర్చుకోవడం అంటే ఏమిటో ముందు చూద్దాం. పుట్టిన రెండు మూడు వారాల వరకూ కుక్కపిల్ల తనంతట తాను మూత్రం పోయలేదు. తల్లి నాకితేనే పోస్తుంది. నడక వచ్చాక, పడుకునే చోటు వదిలి కాస్త దూరం వెళ్ళి పోయడం దానికి సహజంగా వస్తుంది. మనం నేర్పేదల్లా ఇల్లు మొత్తం పడుకునే చోటేనని. లోపల జరిగేది ఇది: మూత్రాశయం నిండుతున్నంతసేపూ దాని గోడ కండరం వదులుగా సాగుతుంది, మూత్రాశయపు మెడ దగ్గరి కండరాలు బిగుసుకుని ఉంటాయి. గోడ సాగిన కబురు వెన్నుపాము గుండా మెదడు కాండానికి చేరుతుంది. అక్కడ మూత్రం వదలమని ఆజ్ఞ ఇచ్చే కేంద్రాన్ని బారింగ్టన్ అనే వైద్యుడు 1925లో పిల్లుల మీద ప్రయోగాలు చేసి గుర్తించాడు. దానికి పైన ఉన్న మెదడు ‘ఇప్పుడు కాదు, తలుపు తీసేదాకా ఆగు’ అంటుంది. మనం నేర్పిన చదువంతా ఈ ‘ఆగు’లోనే ఉంది. మూత్రం మరీ ఎక్కువగా తయారైనా, మూత్రాశయం మంటపెట్టినా, బిగువు కండరం సడలినా, కబురు మోసే నరం దెబ్బతిన్నా, తలుపుదాకా నడవలేకపోయినా ఆ చదువు చెక్కుచెదరకుండా ఉండగానే గచ్చు తడుస్తుంది.

అందువల్ల మొదట తేల్చుకోవలసింది పరిమాణం. ఆరోగ్యంగా ఉన్న కుక్క రోజుకు కిలో బరువుకు 20 నుంచి 40 మిల్లీలీటర్ల మూత్రం పోస్తుంది. 30 కిలోల లాబ్రడార్‌కు అది 600 మిల్లీలీటర్ల నుంచి 1.2 లీటర్లు. కిలోకు 50 దాటితే మూత్రం అతిగా వస్తున్నట్టు లెక్క. మూత్రం కొలవడం కష్టం, నీళ్ళు కొలవడం తేలిక. లీటరు సీసాతో గిన్నె నింపుతూ, 24 గంటల్లో ఎన్ని నీళ్ళు తగ్గాయో రాసిపెట్టాలి. కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు మించితే, అంటే ఆ లాబ్రడార్ రోజుకు 3 లీటర్లు పైబడి తాగుతుంటే, తప్పు అలవాటులో లేదు. మన ఎండాకాలంలో ఏ కుక్కయినా కాస్త ఎక్కువే తాగుతుంది కాబట్టి ఒక్క రోజు లెక్కతో సరిపెట్టకుండా రెండు మూడు రోజులు కొలవాలి.

ఎక్కువ తాగడం వల్ల ఎక్కువ పోస్తోందనుకుంటాం. చాలాసార్లు జరిగేది తలకిందులు: ఎక్కువ పోతోంది గనక దాహం వేస్తోంది. మధుమేహంలో రక్తంలోని చక్కెర డెసిలీటరుకు 180 నుంచి 220 మిల్లీగ్రాములు దాటగానే, గట్టు పొర్లిన చెరువులా మూత్రంలోకి దిగి, తనతోపాటు నీళ్ళను లాక్కుపోతుంది. కుక్కలకు వచ్చేది ఎక్కువగా ఇన్సులిన్ తయారీయే దెబ్బతినే రకం. మాత్రలతో లొంగదు, సూది తప్పదు. ఆలస్యమైతే చాలా కుక్కలకు కళ్ళలో శుక్లాలు వస్తాయి. బాగా తింటూనే చిక్కిపోతుంటే ఇదేనేమోనని అనుమానించాలి.

పొట్ట వేలాడుతూ, వెంట్రుకలు రెండు పక్కలా ఒకేలా రాలుతూ, ఎప్పుడు చూసినా ఆకలి ఆకలి అంటూ ఉంటే అది కుషింగ్ జబ్బు కావచ్చు. శరీరంలో కార్టిసాల్ మితిమీరిన స్థితి అది. మనం ఇచ్చిన మందే ఆ స్థితిని తెచ్చిపెట్టడమూ మామూలే. దురదకని స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించి తెచ్చాక, ప్రెడ్నిసొలోన్ మాత్రలు మొదలుపెట్టాక, కుక్క గిన్నెలకు గిన్నెలు తాగి ఇల్లంతా పోస్తుంది. మూర్ఛకిచ్చే ఫినోబార్బిటాల్, గుండె జబ్బుకిచ్చే ఫ్యూరోసమైడ్ కూడా అంతే. చాలామంది డాక్టరుకు మూత్రం సంగతి చెబుతారు గానీ, రెండు వారాల కిందట వేరేచోట వేయించిన సూది సంగతి చెప్పరు. మందు వల్లేనని అనుమానం వచ్చినా, మాత్రలు ఎవరికి వారు ఒక్కసారిగా ఆపేయకూడదు. స్టెరాయిడ్‌ను మెల్లగా తగ్గించాలి, మూర్ఛ మందు హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ విజృంభిస్తాయి.

ఇక మూత్రపిండాలు. వాటిలోని వడపోత భాగాల్లో మూడింట రెండు వంతులు పోయేదాకా పైకి తెలియనీయవు. అప్పటికి అవి మూత్రాన్ని చిక్కబరిచే శక్తి కోల్పోతాయి. తెల్లవారి మొదటి మూత్రం నీళ్ళలా పలుచగా వస్తుంటే ఆ అనుమానం రావాలి. వెటర్నరీ డాక్టరు రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న పరికరంలో ఒక్క చుక్క వేసి మూత్రపు సాంద్రత చూస్తారు. 1.030 పైన ఉంటే కిడ్నీలు చిక్కబరుస్తున్నాయని చాలావరకు ధైర్యం. 1.008 నుంచి 1.012 మధ్యనే పదేపదే ఉంటే వాటికి చేతకావడం లేదని అర్థం. ఇంత చవకైన పరీక్ష ఇంత సమాచారం ఇవ్వడం వైద్యంలో అరుదు.

ఒక జబ్బు గురించి మాత్రం ఇక్కడ ఆగి చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలు ఎక్కువ. ఎదకు వచ్చి వెళ్ళిన నెల రెండు నెలల్లో, పిల్లలు లేని గర్భసంచిలో చీము పట్టడం ఉంది. డాక్టర్లు పయోమెట్రా అంటారు. అక్కడ పెరిగే బ్యాక్టీరియా, ముఖ్యంగా ఇ.కోలై, వదిలే విషం మూత్రపిండాలను చేరి, నీళ్ళు ఆపమని మెదడు పంపే హార్మోన్ మాట వాటికి వినబడకుండా చేస్తుంది. రోగం గర్భసంచిలో ఉంటే మొదటి గుర్తు గచ్చు మీద కనబడుతుంది! చీము కిందికి కారితే ఎవరైనా గమనిస్తారు. గర్భసంచి మూతి మూసుకుపోయి లోపలే నిలిస్తే పైకి కనిపించేవి దాహం, మూత్రం, నీరసం, అన్నం ముట్టకపోవడం, కొన్నిసార్లు వాంతులు. ఇది రేపటిదాకా ఆగే జబ్బు కాదు. స్కాన్‌లో తేలగానే గర్భసంచి తీసేయడమే ప్రధాన వైద్యం, ఆలస్యం ప్రాణం తీస్తుంది. ఎద ఎప్పుడు వచ్చిందో క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకునే ఇల్లు ఈ జబ్బును ముందే పసిగడుతుంది.

మొత్తం మూత్రం పెరగలేదు, నీళ్ళూ మామూలుగానే తాగుతోంది, కానీ కొంచెం కొంచెంగా పదేపదే పోస్తోంది. అప్పుడు కథ మూత్రాశయానిది. ఇన్‌ఫెక్షన్ వస్తే గోడ వాచి, సగం నిండకుండానే నిండినట్టు కబురు పంపుతుంది. కుక్క ముక్కుతుంది, చివర్లో రక్తపు చుక్క పడుతుంది, అక్కడ అదేపనిగా నాకుకుంటుంది. ఆడకుక్కల్లో మూత్రమార్గం పొట్టిది కాబట్టి వాటికే ఎక్కువ. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ రెండు రోజులు వేసి ఆపేయడం కన్నా చెడ్డ పని లేదు. ఏ క్రిమి, ఏ మందుకు లొంగుతుందో కల్చర్ పరీక్ష చెబుతుంది. రాళ్ళు ఉంటే ఎక్స్‌రే, స్కాన్ చెబుతాయి. నల్లమచ్చల డాల్మేషియన్‌ది ప్రత్యేకమైన గొడవ: మిగతా కుక్కల్లో యూరిక్ ఆమ్లం తేలిగ్గా కరిగే పదార్థంగా మారిపోతుంది, దీనిలో వంశపారంపర్యంగా వచ్చిన ఒక జన్యు లోపం వల్ల అది మూత్రంలోకి ఎక్కువగా దిగి రాళ్ళు కడుతుంది. అందుకే దాన్ని పెంచేవాళ్ళు మాంసం, ముఖ్యంగా కాలేయం లాంటివి పెట్టేముందు డాక్టరును అడగాలి.

మగకుక్కకు లింగంలో చిన్న ఎముక ఉంటుంది. మూత్రమార్గం ఆ ఎముక కింది గాడిలో ఇరుకుగా పోతుంది, రాయి అక్కడ ఇరుక్కుంటుంది. అప్పుడు కుక్క కాలెత్తి ఎంతసేపు నిలబడ్డా రెండు చుక్కలే పడతాయి. మూత్రాశయం పొంగి, ఆ ఒత్తిడికి ఇంట్లో అక్కడక్కడా చుక్కలు కారతాయి. చూసేవాళ్ళకు ‘మూత్రం ఆపుకోలేకపోతోంది’ అనిపిస్తుంది, నిజానికి అది పోయలేకపోతోంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. ముక్కుతూ చుక్కలే పడుతున్నాయంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

పడుకుని లేచినచోట తడి కనిపిస్తే అది మరొక దారి. ఆపరేషన్ అయిన ఆడకుక్కల్లో, అందులోనూ పెద్ద జాతుల్లో, నెలలకో ఏళ్ళకో మూత్రమార్గం బిగువు సడలుతుంది. ఈస్ట్రోజెన్ తగ్గడం అందులో ఒక భాగం. మెలకువలో మామూలుగా ఉంటుంది, నిద్రలో పరుపు తడుస్తుంది, లేచి ఆ తడిని చూసి తానే కంగారు పడుతుంది. దాన్ని కొట్టడం ఎంత అన్యాయమో వేరే చెప్పనక్కరలేదు, జరిగినట్టే దానికి తెలియదు. ఫినైల్ ప్రొపనాలమైన్, ఈస్ట్రియాల్ వంటి మందులకు ఎక్కువ కుక్కలు చక్కగా కోలుకుంటాయి. దీనికి భయపడి ఆపరేషనే వద్దనుకోవడం నా దృష్టిలో సరికాదు. ఎప్పుడు చేయించాలన్నది జాతిని బట్టి డాక్టరుతో మాట్లాడుకోవాలి గానీ, పైన చెప్పిన చీము జబ్బు తెచ్చిపెట్టే ప్రమాదం దీనికన్నా చాలా పెద్దది. ఇదే సడలింపు డాష్‌హండ్ లాంటి పొడవాటి నడుము కుక్కల్లో వెనక కాళ్ళ తడబాటుతో కలిసి వస్తే వెన్నుపూసల మధ్య డిస్కు జారిందేమో చూడాలి.

శరీరంలో ఏమీ లేదని తేలాకే మనసు వైపు రావాలి. ఈ వరుస మార్చకూడదు. ఎదిగిన మగకుక్క సోఫా కాలి మీదో, కొత్త బీరువా మీదో, అతిథి సంచి మీదో కాలెత్తి కాస్త చల్లితే అది గుర్తు వేయడం. పక్కింటి ఆడకుక్క ఎదకు వచ్చినా, ఇంట్లోకి ఇంకో కుక్క వచ్చినా మొదలవుతుంది. ఆపరేషన్‌తో చాలావాటికి తగ్గుతుంది, అన్నిటికీ పూర్తిగా పోదు. మనం తలుపు తాళం వేసి వెళ్ళిన కొద్ది నిమిషాల్లోనే పోసి, మొరిగి, తలుపు గీరితే అది ఒంటరితనపు భయం. ఒక ఫోను ఆన్ చేసి పెట్టి వీడియో తీస్తే తేటతెల్లమవుతుంది. దీపావళి వారంలో బాంబుల మోతకు మంచం కింద దూరి అక్కడే పోసే కుక్కలు మనకు కొత్త కాదు. పెరడున్న ఇంట్లో మట్టి మీద అలవాటైన కుక్కను ఏడో అంతస్తు ఫ్లాటుకు తెస్తే, పాదాల కింద మట్టి దొరక్క, లిఫ్టు భయపెట్టి, ఆపుకుని ఆపుకుని చివరకు బాల్కనీలోనో హాల్లోనో వదిలేస్తుంది. దానికి ఒక ట్రేలో మట్టి, గడ్డి పెట్టి మళ్ళీ మొదటి నుంచి నేర్పాలి.

‘తప్పు చేశానని దానికి తెలుసు, మొహం చూడండి’ అంటారు. న్యూయార్క్‌లోని బర్నార్డ్ కళాశాలకు చెందిన అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో దీన్నే పరీక్షించారు. వద్దన్న తిండి కుక్క తిన్నదా లేదా అన్నది ఒక సంగతి, యజమానికి ఏమని చెప్పారన్నది మరో సంగతి. రెంటినీ విడదీసి చూశారు. ఆ దించిన తల, ఆ పక్కచూపు, తిన్నప్పుడు కాక తిట్టినప్పుడు ఎక్కువయ్యాయి. ఏ పాపం ఎరగని కుక్క కూడా తిడితే అదే మొహం పెట్టింది. ముక్కును తడిలో రుద్దితే కుక్క నేర్చుకునేది ఒక్కటే: మనుషుల కంటపడకుండా పోయాలి. ఆ తరవాత మంచం వెనక, పూజగది మూల వెతుక్కోవాల్సి వస్తుంది, పైగా డాక్టరుకు చెప్పేందుకు మనం చూసిందీ ఏమీ ఉండదు.

ఇక తడి తుడవడం సంగతి. ఫినాయిల్ వేసి తుడిస్తే మన ముక్కుకు వాసన పోతుంది, దాని ముక్కుకు పోదు. పాదాలు నాకే జంతువు తిరిగే గచ్చుకు ఫినాయిల్ మంచిదీ కాదు. మూత్రంలోని పదార్థాలను విడగొట్టే ఎంజైమ్ ద్రావణాలు పెట్ షాపుల్లో దొరుకుతాయి, అవి నయం. వానాకాలంలో తుడిచేటప్పుడు చేతికి తొడుగులుండాలి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ నుంచి కుక్కలకు సోకే లెప్టోస్పైరోసిస్, మనం ఎలుక జ్వరం అనేది, కిడ్నీలను దెబ్బతీసి ఇలాగే మూత్రపు తేడాతో బయటపడవచ్చు, కుక్క మూత్రం నుంచి మనుషులకూ అంటవచ్చు. దానికి టీకా ఉంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు తెల్లవారి మొదటి మూత్రాన్ని శుభ్రమైన చిన్న గిన్నెలో పట్టి, మూతున్న సీసాలో గంటలోపు చేర్చడం మంచిది. ఆలస్యమయ్యేట్టుంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. నీళ్ళ లెక్క, వీడియో, వాడిన మందుల చీటీలు, ఎద తేదీ వెంట ఉంటే పని సగం అయినట్టే. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో ఈ పరీక్షలు చేసే ఆసుపత్రులున్నాయి.

చివరగా ముసలి కుక్కలు. వాటి విషయంలో ‘వయసైపోయింది’ అని వదిలేయడం చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే వాటికే చేయగలిగింది ఎక్కువ. ముందు కీళ్ళు చూడాలి. మన ఇళ్ళ నున్నటి గ్రానైట్, టైల్స్ మీద నొప్పి కాళ్ళతో లేవడం ఆ కుక్కకు పెద్ద పని. మెట్లు దిగి వీధిలోకి వెళ్ళడం అంతకన్నా పెద్దది. మంచం నుంచి తలుపుదాకా రబ్బరు చాపలు పరిచి, డాక్టరు చెప్పిన నొప్పి మందు ఇస్తే ‘మతిమరుపు’ అనుకున్నది మాయమైన సందర్భాలున్నాయి. నిజంగా మతిమరుపూ ఉంటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు 2001లో ప్రచురించిన అధ్యయనంలో, దిక్కు తెలియకపోవడం, మనుషులతో మెలగడం మారడం, నిద్ర వేళలు తారుమారవడం, ఇంటి అలవాటు తప్పడం అనే నాలుగింటిలో కనీసం ఒకటి 11, 12 ఏళ్ళ కుక్కల్లో నూటికి 28 వాటికీ, 15, 16 ఏళ్ళ వాటిలో నూటికి 68 వాటికీ కనిపించింది. అలాంటి కుక్క బయటికి వెళ్ళి, ఎందుకొచ్చిందో మరిచి, లోపలికి వచ్చి పోస్తుంది. తలుపు కీలు వైపు నిలబడి ఎదురు చూస్తుంది. దానికి నాలుగైదు గంటలకోసారి, పడుకోబోయే ముందు, తెల్లవారుజామున తోడుండి బయటికి తీసుకెళ్ళడం, పోసేదాకా పక్కనే నిలబడడం, రాత్రి దారిలో చిన్న లైటు వెలిగించి ఉంచడం, సామాన్లు చోటు మార్చకపోవడం పనిచేస్తాయి. సెలెజిలిన్ లాంటి మందులు కొన్నిటికి సాయపడతాయి. రాత్రి గచ్చు తడుస్తోందని సాయంత్రం నుంచి నీళ్ళ గిన్నె దాచేయడం మాత్రం ఎవరూ చేయకూడదు. కిడ్నీలు బలహీనపడ్డ కుక్క, నీళ్ళు దొరికినా దొరక్కపోయినా, ఆ పలుచని మూత్రాన్ని పోస్తూనే ఉంటుంది. గిన్నె తీసేస్తే ఆ నీళ్ళు దాని ఒంట్లో నుంచే పోతాయి, ఒక్క రాత్రిలోనే అది ప్రమాదంలో పడవచ్చు.